వాల్‌పేపర్ రోల్ లేబుల్ చదవడం ఎలా? కలంకారీ తరహా డిజైన్ రివ్యూ, తిరుపతి నుంచి

నమస్కారమండి. ఇవాళ టేబుల్ మీద ఉన్నది కలంకారీ తరహా నెమళ్ల డిజైన్ వాల్‌పేపర్, నాన్ వోవెన్ రకం, అంటే నేయకుండా నారను అదిమి చేసిన కాగితం లాంటిది. షాపులో రోల్ విప్పగానే మన కళ్లు డిజైన్ మీదికే పోతాయి. నేను మాత్రం ముందు లేబుల్ చూపిస్తాను. డబ్బులు మిగిలేదీ పోయేదీ ఇక్కడే.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. మధ్యలో నిలువు గీత, అటూ ఇటూ ఎదురెదురుగా రెండు బాణాలు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి కదా, దీన్ని ఆఫ్‌సెట్ మ్యాచ్ అంటారు. పక్కన 64/32 అని ఉంది. అంటే ప్రతి 64 సెంటీమీటర్లకు అదే నెమలి మళ్లీ వస్తుంది. పక్క పీసును, అంటే గోడ ఎత్తుకు కోసిన నిలువు ముక్కను, 32 సెంటీమీటర్లు జరిపితేనే తోక తోకతో కలుస్తుంది. బాణాలు రెండూ ఒకే ఎత్తులో ఉంటే స్ట్రెయిట్ మ్యాచ్, జరపక్కర్లేదు. బాణం పక్కన సున్నా ఉంటే కలిపే పనే లేదు.

ఇప్పుడు లెక్క. మన గోడ 10 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు అనుకుందాం. 120 చదరపు అడుగులు. రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు, అంటే 57 చదరపు అడుగులు. రెండు రోల్స్‌కి కాస్త ఎక్కువ అనిపిస్తుంది. కానీ గోడకు 7 పీసులు పడతాయి. పైనా కిందా కోతకు కలిపి ఒక్కో పీసు 315 సెంటీమీటర్లు. ఒకే రోల్‌లోంచి వరసగా, డిజైన్ కలుపుకుంటూ కోస్తే రెండో పీసు 315 దగ్గర కాదు, డిజైన్ కలిసే 352 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది, మూడోది 704 దగ్గర. మూడో పీసు పూర్తి కావాలంటే 1019 కావాలి, రోల్ 1005తో అయిపోతుంది. రోల్‌కి రెండే పీసులు, మొత్తం నాలుగు రోల్స్!

అలా కాకుండా రెండు రోల్స్ పక్కపక్కన పెట్టండి. ఒకటి, మూడు, అయిదు పీసులు మొదటి దాంట్లోంచి, రెండు, నాలుగు, ఆరు రెండో దాంట్లోంచి కోయండి. రెండు రోల్స్‌లోనూ డిజైన్ ఒకే చోట మొదలైతే, రెండో రోల్ మొదట్లో 32 సెంటీమీటర్లు వదిలేయాలి, అంతే. ఒక్కో రోల్‌లో పీసులన్నీ డిజైన్‌లో ఒకే చోట మొదలవుతాయి కాబట్టి మధ్యలో వృథా తగ్గుతుంది. రోల్‌కి మూడు పీసులు వస్తాయి, ఏడో పీసుకు ఇంకో రోల్. మూడింటితో గోడ అయిపోతుంది. అంటించేవాళ్లకి కోసే ముందే ఈ మాట చెప్పండి, మొహమాటపడొద్దు.

మిగతా గుర్తులు త్వరగా చూద్దాం. ఒక్క అల ఉంటే, అంటించేటప్పుడు పైన పడ్డ తడి గమ్‌ని స్పాంజితో అద్ది తీయొచ్చు. కడగొచ్చని కాదు! కడగాలంటే రెండు అలలైనా ఉండాలి. దీనికి ఒక్కటే ఉంది. సూర్యుడు సగమే ఉన్నాడు, అంటే ఎండకు రంగు ఓ మాదిరిగానే నిలుస్తుంది. మన తిరుపతి మే నెల ఎండ నేరుగా పడే గోడకు దీన్ని పెట్టొద్దు. బ్రష్ బొమ్మ గోడ వైపు ఉంది కాబట్టి గమ్ గోడకే పూయాలి, కాగితానికి కాదు.

ప్రింట్ చాలా బాగుంది, గీతలు స్పష్టంగా ఉన్నాయి. మన శ్రీకాళహస్తిలో కలంతో గీసే పనితో పోల్చొద్దు. అక్కడ ఏ రెండు నెమళ్లూ ఒకేలా ఉండవు.

నా మాటేంటంటే, హాల్లో టీవీ వెనక గోడకు ధైర్యంగా తీసుకోండి. వంటింటికి, పిల్లలు గీతలు గీసే గదికి వద్దు. నవంబర్, డిసెంబర్ వానలకు చెమ్మ పట్టే గోడైతే ముందు ఆ చెమ్మ సంగతి చూసుకోండి. బిల్లు కట్టే ముందు మూడు రోల్స్ మీదా బ్యాచ్ నంబర్ ఒకటేనా అని చూడండి, బ్యాచ్ మారితే రంగులో తేడా గోడ మీద తెలిసిపోతుంది.