36 ఏళ్లు కడితే నెలకు వెయ్యి

నమస్కారం అండి. ఈ రోజు ఒక పాస్‌బుక్కుతో మొదలుపెడతాను.

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి తోటలో కాయల దింపు జరుగుతోంది. చెట్టు దిగిన కుర్రవాడు, వయసు 24, చెమట తుడుచుకుని సంచిలోంచి పాస్‌బుక్కు తీశాడు. "అన్నయ్యా, నెలనెలా 70 రూపాయలు పోతున్నాయి, ఇదేమిటో చూసి చెప్పండి" అన్నాడు. చూశాను. అటల్ పెన్షన్ యోజన, కేంద్ర ప్రభుత్వ పింఛను పథకం. ఎనిమిది నెలలుగా కడుతున్నాడు. "60 నిండాక నెలకు 5 వేలు వస్తాయని చెప్పారు" అన్నాడు.

రావు. 24వ ఏట చేరి నెలకు 70 కడితే వచ్చేది వెయ్యి రూపాయలు. 5 వేలు కావాలంటే 346 కట్టాలి. నోటితో 5 వేలు చెప్పి కాగితం మీద వెయ్యి రాశారు. ఇతను ఒక్కడే కాదండి, ఈ పథకంలో చేరినవారిలో అత్యధికులు వెయ్యి రూపాయల పింఛను వరుసలోనే ఉన్నారు.

పొదుపు చేసేవాడికి గిట్టుబాటు ఎంత అని లెక్క కట్టే పద్ధతి ఒకటి బ్రిటన్‌లో పింఛన్ల నియంత్రణ సంస్థలు తెస్తున్నాయి. సొమ్ము ఎంత పెరిగింది, రుసుము ఎంత కోశారు, సేవ ఎలా ఉంది, ఈ మూడూ కలిపి చూడాలంటారు. ఆ మూడు ప్రశ్నలూ మన కుర్రవాడి పాస్‌బుక్కును అడిగి చూద్దాం.

రుసుములో మనకు వంక పెట్టడానికి లేదు. బ్రిటన్‌లో ఉద్యోగుల పింఛను నిధులకు 2015 నుంచి ఉన్న గరిష్ఠ పరిమితి 0.75 శాతం, అంటే లక్షకు ఏడాదికి 750 రూపాయలు. అటల్ కూడా నడిచేది మన జాతీయ పెన్షన్ వ్యవస్థ ద్వారానే. అందులో నిధిని నడిపేవారికి 2021లో ఖరారు చేసిన రుసుము ఎక్కువలో ఎక్కువ 0.09 శాతం. లక్షకు 90 రూపాయలు. ఖాతా ఖర్చులు వేరే ఉన్నా, ఇంత చవక అరుదు.

పెరుగుదల కూడా బాగానే ఉంది. 30వ ఏట చేరినవాడు 5 వేల పింఛనుకు నెలకు 577 చొప్పున 30 ఏళ్లు కడితే తన చేతి నుంచి వెళ్లేది సుమారు 2 లక్షల 8 వేలు. 60 నిండేసరికి అది 8 లక్షల 50 వేలు అవుతుంది. అంటే ఏడాదికి దాదాపు 8 శాతం రాబడి. తన తర్వాత భార్యకు అదే పింఛను, ఇద్దరి తర్వాత ఆ 8 లక్షల 50 వేలు నామినీకి. రాబడి తగ్గితే లోటు కేంద్రం పూడుస్తుంది. 2013 చట్టం కింద పనిచేసే పీఎఫ్‌ఆర్‌డీఏ అనే పింఛన్ల నియంత్రణ సంస్థ దీని మీద కన్ను వేసి ఉంటుంది.

మరి లోపం ఎక్కడ? అంకెలో. 2015లో పథకం మొదలైనప్పుడు గరిష్ఠ పింఛను 5 వేలు, ఇవాళా 5 వేలే. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే 12 ఏళ్లకు రెట్టింపవుతాయి. ఇతనికి ఇంకా 36 ఏళ్లుంది. అంటే మూడు రెట్టింపులు, ఎనిమిది రెట్లు. అప్పటి వెయ్యి ఇవాళ్టి 125. మూడు కొబ్బరి బొండాలు కొంటే నెల పింఛను అయిపోతుంది. 5 వేల వరుసలో ఉన్నా 625.

ఇదంతా చెబుతుంటే పక్కనే కాయలు కుప్ప పోస్తున్న వాళ్ల అమ్మగారు నవ్వారు. ఆవిడకు వితంతు పింఛను ప్రతి నెలా ఒకటో తారీఖున గుమ్మం దగ్గరికే వస్తుంది, 4 వేలు. 2014 దాకా అది 200. వెయ్యి అయింది, 2 వేలయింది, 3 వేలయింది, 2024లో 4 వేలయింది. "వీడు ముసలివాడయ్యేసరికి ప్రభుత్వమే పది వేలిస్తుందిలే బాబూ" అన్నారు.

ఇవ్వవచ్చు, కాదనను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పెరిగే పింఛను అది. కానీ దానికి హామీ బడ్జెట్టే, ఆ ఏటి ప్రభుత్వమే. హామీ ఉన్న అటల్‌కేమో పెరుగుదల లేదు. కూడబెట్టుకున్నవాడి అంకెను పెంచమని ఏ సభలోనూ ఎవరూ అడగరు. ఇక మూడో ప్రశ్న, సేవ. నన్నడిగితే అందులో నియంత్రణ సంస్థ ముందుగా సరిచేయవలసింది ఇదే: చేర్చుకునేటప్పుడు 5 వేలు అని చెప్పడంతో పాటు, 60 నిండే రోజుకు దాని విలువ ఎంతో అదే కాగితం మీద తెలుగులో రాయాలి.

ఇంకో మాట. దింపు పని 60 దాకా చేయగలిగిన ఒళ్లు ఎంతమందికి ఉంటుందండీ? మధ్యలో మానేస్తే కట్టినదీ దాని మీద వచ్చినదీ, ఖర్చులు పోను, చేతికిస్తారు. హామీ ఇచ్చిన పింఛను మాత్రం ఉండదు. అందుకే ఇదొక్కటే చాలని అతనికి చెప్పలేదు.

5 వేల వరుసకు మార్చుకోమని మాత్రం చెప్పాను. ఏడాదికి ఒకసారి మార్చుకోవచ్చు, గడిచిన నెలల తేడాను 8 శాతం వడ్డీతో కట్టాలి. నెలకు 276 చొప్పున ఎనిమిది నెలలకు 2,208, దాని మీద కొద్దిగా వడ్డీ. అతను చెట్టు వైపు చూసి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "వచ్చే దింపుకు కడతానన్నయ్యా" అన్నాడు. వాళ్ల అమ్మగారు పాస్‌బుక్కు తీసుకుని చెంగులో ముడేసుకున్నారు.