సొల్లు కబుర్లకు ‘బంక్’ అన్న పేరెలా వచ్చింది?

[తెర మీద ఒకే మాట: బంక్]

బంక్ అనగానే మనలో చాలామందికి రెండే తడతాయి. ఒకటి పెట్రోల్ పోయించుకునే చోటు, రెండోది కాలేజీ రోజుల్లో లెక్చరర్‌కి తెలియకుండా కొట్టేది. కానీ ఇంగ్లీషులో ఎవరైనా విసుగ్గా "దట్స్ బంక్" అన్నారంటే అక్కడ పెట్రోలూ లేదు, క్లాసూ లేదు. "ఒట్టి సొల్లు" అని తీసిపారేస్తున్నారన్నమాట.

ఇన్ని అర్థాలున్న మాట కనిపిస్తే, అన్నీ ఒకే చోట పుట్టి తర్వాత విడిపోయాయని అనుకుంటాం. బంక్ విషయంలో అలా జరగలేదు. వేరే వేరే చోట్ల పుట్టిన మాటలకు స్పెల్లింగ్ ఒకటే అయి కూర్చుంది. వాటిలో సొల్లు అనే బంక్‌కి మాత్రం పుట్టిన ఊరుంది, పుట్టిన సంవత్సరం కూడా ఉంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

[అమెరికా మ్యాప్. నార్త్ కరోలినా పడమటి కొండల మీదికి జూమ్]

నార్త్ కరోలినా రాష్ట్రంలో పడమటి కొండల్లో బంకమ్ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే జిల్లా లాంటిది. ఆష్‌విల్ నగరం ఇందులోనే ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన కల్నల్ ఎడ్వర్డ్ బంకమ్ పేరు దీనికి పెట్టారు. 1777లో జర్మన్‌టౌన్ యుద్ధంలో ఆయన గాయపడి శత్రువుల చేతికి చిక్కాడు, బందీగానే చనిపోయాడు. ప్రాణాలిచ్చిన మనిషి పేరు చివరికి ఏ అర్థంలో స్థిరపడిందో చూడండి, పాపం.

[పాత చట్టసభ చిత్రం. కింద: 1820, వాషింగ్టన్]

1820 ఫిబ్రవరి. అమెరికా ప్రతినిధుల సభలో చర్చ వేడిగా సాగుతోంది. మిస్సోరీని కొత్త రాష్ట్రంగా చేర్చుకోవాలి, అయితే అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా? అప్పటికి బానిసత్వం ఉన్న రాష్ట్రాలు 11, లేనివి 11. ఒక్క రాష్ట్రం అటో ఇటో చేరితే తూకం మారిపోతుంది. చెప్పాల్సినవాళ్లంతా చెప్పేశారు, వినేవాళ్లకు ఓపిక పోయింది, ఓటింగ్ పెట్టేయమని కేకలు మొదలయ్యాయి.

సరిగ్గా అప్పుడు ఫెలిక్స్ వాకర్ అనే సభ్యుడు ప్రసంగానికి లేచాడు. ఆయన నియోజకవర్గంలోనే బంకమ్ కౌంటీ ఉంది. సాటి సభ్యులు వద్దని బతిమాలారు. ఆయన తగ్గలేదు. తన జనం తన నుంచి ఒక ప్రసంగం ఆశిస్తున్నారనీ, తాను మాట్లాడుతున్నది సభ కోసం కాదు, బంకమ్ కోసమనీ చెప్పాడు. కావాలంటే మీరు లేచి వెళ్లొచ్చు అన్నాడని కూడా చెప్పుకుంటారు.

ఆయన ప్రసంగంలో ఏముందో ఇప్పుడు ఎవరికీ పట్టదు. "బంకమ్ కోసం మాట్లాడటం" అన్న మాట మాత్రం మిగిలిపోయింది. 1828 నాటికే పత్రికల్లో అది నానుడిగా కనిపిస్తుంది. తర్వాత పలికినట్టే రాయడం మొదలై స్పెల్లింగ్ మారింది, Buncombe కాస్తా bunkum అయింది. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి తోక కూడా ఊడి బంక్ అయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మొదట్లో ఈ మాటకు అర్థంలేని మాటలు అన్న అర్థం లేదు. ఎదురుగా ఉన్నవాళ్ల కోసం కాకుండా, ఎక్కడో ఉన్న ఓటర్లు మెచ్చుకోవాలని చేసే ప్రసంగాన్ని అలా అనేవాళ్లు. మన ఊకదంపుడు ఉపన్యాసానికి దగ్గరి చుట్టం. ఇంగ్లీషులో గిబ్బరిష్ అనే ఇంకో మాట ఉంది, అది వేరు. అది అసలు అర్థం కాని గోల. బంక్ మాత్రం చక్కగా అర్థమవుతుంది, వ్యాకరణం సరిగ్గా ఉంటుంది, చెప్పేవాడి గొంతులో ధీమా ఉంటుంది. లోపల సరుకే ఉండదు. నన్నడిగితే వాకర్‌కి అన్యాయమే జరిగింది. ఊళ్లో వాళ్ల కోసం సభలో మాట్లాడేవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. ఆయన ఆ మాట పైకి అన్నాడు, అంతే తేడా.

[హెన్రీ ఫోర్డ్ ఫొటో, పక్కన ఆనాటి కారు]

ఈ మాటకు పెద్ద ప్రచారం తెచ్చినవాళ్లలో కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ ఒకడు. 1916లో షికాగో ట్రిబ్యూన్ పత్రికతో మాట్లాడుతూ, చరిత్ర అంటే "కాస్త అటూఇటూగా బంకే" అన్నాడు. జనం ఆ "కాస్త అటూఇటూగా" అన్నది వదిలేసి మిగతాది పట్టుకున్నారు. అదే ఏడాది ఆ పత్రిక ఒక సంపాదకీయంలో ఆయన్ని అరాచకవాది అంది. ఫోర్డ్ పరువునష్టం దావా వేశాడు. 1919లో విచారణ జరిగినప్పుడు ఎదుటి లాయర్లు ఆయనకు చరిత్ర పరీక్ష పెట్టినంత పని చేశారు. అమెరికా విప్లవం ఎప్పుడు జరిగిందంటే 1812 అన్నాడు! కేసు మాత్రం ఆయనే గెలిచాడు. పరిహారంగా వచ్చింది 6 సెంట్లు.

1923లో విలియం వుడ్‌వర్డ్ అనే రచయిత బంక్ పేరుతో ఒక నవల రాసి, అందులో డీబంక్ అనే కొత్త క్రియను పుట్టించాడు. ఒక మాటలోంచి బంక్‌ను ఊడబెరికి బయట పారేయడం అన్నమాట. ఇప్పుడు వాట్సాప్ వదంతుల గుట్టు విప్పేవాళ్లు చేస్తున్నది అదే. దీనికి ఈమధ్య ప్రీబంక్ అనే చెల్లెలు కూడా వచ్చింది. వదంతి చేరకముందే, అది ఎలాంటి ఎత్తులతో వస్తుందో జనానికి చూపించి జాగ్రత్తపరచడం. టీకా తరహా పద్ధతి.

[రెండంతస్తుల మంచం]

మిగతా బంక్‌లకు ఈ ప్రసంగంతో ఏ సంబంధమూ లేదు. ఓడల్లో, బారకాసుల్లో ఒకదాని మీద ఒకటి ఉండే ఇరుకు పడకలు బంక్‌లు. ఈ అర్థం 18వ శతాబ్దం నుంచే ఉంది, అంటే వాకర్ కంటే ముందుది. స్కాట్లాండ్‌లో బల్లను బంకర్ అనేవాళ్లు, దాన్నుంచే కుదించి ఉంటారని పండితుల అంచనా. ఆ బంకరే ఓడలో బొగ్గు పోసే గది అయింది, గోల్ఫ్‌లో ఇసుక గుంట అయింది, యుద్ధంలో తలదాచుకునే చోటయింది.

బ్రిటన్‌లో "డూ ఎ బంక్" అంటే చెప్పాపెట్టకుండా ఉడాయించడం. "బంక్ ఆఫ్" అంటే స్కూలు ఎగ్గొట్టడం. మనం కొట్టే క్లాసు బంక్ ఈ వరసలోదే.

పెట్రోల్ బంక్ మాత్రం మన దక్షిణాది ఇంగ్లీషు. లండన్‌లో ఆ మాట అంటే అయోమయంగా చూస్తారు, అక్కడ పెట్రోల్ స్టేషన్ అనాలి. అమెరికాలో అయితే గ్యాస్ స్టేషన్.

చదువుతుంటే ఈ మాట తగిలినప్పుడు కంగారు పడక్కర్లేదు, పక్కమాటలు చూస్తే చాలు. టాప్ అనో లోయర్ అనో ముందుంటే పడక. డూ గానీ ఆఫ్ గానీ తోడుంటే పరారీ. ఒక అభిప్రాయాన్నో వార్తనో పట్టుకుని బంక్ అన్నారంటే, అది వాకర్ గారి ఖాతాలోదే.