కూర కాని కోడికి జబ్బు చేస్తే

అందరికీ నమస్కారం.

మన మిద్దెతోటల సమావేశంలో వంగమొక్కకు పేనుబంక పట్టిందంటే ఎవరూ నవ్వరు. కోడి జబ్బు గురించి మాట్లాడతానని చెప్పగానే ఇందాక వెనక వరుసలో ఇద్దరు నవ్వారు. ఏం ఫర్వాలేదు, మా ఇంట్లోనూ నవ్వారు. కోడి జబ్బుకి మన గుంటూరులో తెలిసిన వైద్యం ఒకటే కదా: చచ్చేలోపు కోసెయ్యడం.

నేను కొరిటెపాడులో ఉంటాను. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత పెరట్లో నాలుగు గ్రామప్రియ పెట్టల్ని తెచ్చుకున్నాను. హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. తెచ్చింది గుడ్ల కోసమే, అబద్ధమెందుకు. మా మనవరాలు వేసవి సెలవులకొచ్చి నాలుగింటికీ పేర్లు పెట్టేసి వెళ్లింది. వాటిలో ఒకటి లడ్డూ. నేను వంటింట్లో స్టీలు గిన్నె చప్పుడు చేస్తే చాలు, గడప దగ్గరికి వచ్చి నిలబడేది. ఇక దాన్ని కోసేదెవరు?

కోడికి జబ్బు చేస్తే వెంటనే బయటపడదు, దాచుకుంటుంది. మందలో నీరసంగా కనిపించిన దాన్ని మిగతావి పొడుస్తాయి, మేత దగ్గరికి రానివ్వవు. అందుకని ఓపిక ఉన్నంతవరకూ మామూలుగానే తిరుగుతుంది. మనం కోడికునుకు అంటాం చూడండి, రెండు నిమిషాల కునుకు. పట్టపగలు ఒళ్లు ఉబ్బించుకుని, తోక దించి, అరగంటసేపు అలా కునుకుతోందంటే జబ్బు ఆ రోజు మొదలైంది కాదు.

లడ్డూ సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. సంక్రాంతికి ముందు గుడ్లు ఆపేసింది. చలికి అనుకున్నాను. తర్వాత నడక మారింది. కాళ్లు ఎడంగా పెట్టి, టీవీలో పెంగ్విన్ లాగా నిటారుగా నిలబడేది. వంటింటి కాటా మీద పెడితే బరువు పెరిగింది! సంతోషించాను. పక్కింటావిడ అయితే "టీచరుగారూ, పండక్కి బాగా తయారైంది" అంది. ఎత్తుకుని తడిమితే అర్థమైంది. రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగులుతోంది, పొట్ట మాత్రం నీళ్ల సంచిలా ఊగుతోంది. కండ కరిగి నీరు పడుతోందన్నమాట.

మొదట తీసుకెళ్లిన చోట డాక్టరుగారు దాన్ని ముట్టుకోకుండానే "ఎంతకు కొన్నారు?" అని అడిగారు. చెప్పాను. "ఇంకోటి కొనుక్కోండమ్మా, పరీక్షలకే అంతకంటే ఎక్కువవుతుంది" అన్నారు. ఆయన లెక్క తప్పని నేను అనను. కానీ నేను లెక్క అడగడానికి వెళ్లలేదు. బుట్ట పట్టుకుని బయటికొచ్చి, ఆటోలో కళ్లు తుడుచుకున్నాను. పరీక్షల్లో ఫెయిలైన పిల్లల్ని ఓదార్చిన దాన్ని, కోడి కోసం ఏడుస్తున్నానని ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేకపోయాను.

రెండో చోట చిన్న వయసు డాక్టరమ్మ. సిరంజితో పొట్టలోంచి పసుపుపచ్చటి నీళ్లు తీసింది. తీస్తూనే చెప్పింది. కోడికి మామూలుగా ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. అక్కడ పండిన పచ్చసొనను గరాటాలాంటి గొట్టం అందుకోవాలి. ఆ గొట్టంలో ఒక రోజు కంటే కాస్త ఎక్కువసేపు ప్రయాణించి, తెల్లసొన, పెంకు కట్టుకుని గుడ్డవుతుంది. గరాటా అందుకోకపోతే పచ్చసొన పొట్టలో పడుతుంది. ఎప్పుడో ఒకటి పడితే ఒళ్లు పీల్చేసుకుంటుంది. పదేపదే పడి, దానికి బాక్టీరియా తోడైతే పొట్టంతా వాచి నీరు పడుతుంది. ఎక్కువ గుడ్లు పెట్టే రకాల్లో, రెండేళ్లు దాటిన పెట్టల్లో ఇది ఎక్కువ. పూర్తిగా నయమయ్యేది తక్కువని కూడా ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. యాంటీబయాటిక్, వాపుకి మందు రాసిచ్చింది. మందులు పడుతున్న కోడి గుడ్డుగానీ మాంసంగానీ తినకూడదు, ఎన్నాళ్లన్నది డాక్టరునే అడగాలి. మా పక్కింటావిడకు ఈ ఒక్క మాట చెప్పాక కూర సలహాలు ఆగిపోయాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. లడ్డూకి ముందు ఏడాది ఇంకో పెట్ట నీరసపడితే, మా అమ్మ చేసినట్టే వెల్లుల్లి నూరిన నీళ్లు ముక్కు తెరిచి గొంతులో పోశాను. నా చేతుల్లోనే గింజుకుని పోయింది. జబ్బుతో పోయిందనుకున్నాను. డాక్టరమ్మ లడ్డూ నోరు తెరిచి చూపించాక తెలిసింది, ఊపిరి గొట్టం రంధ్రం నాలుక వెనకాలే ఉంటుంది. అలా బలవంతంగా పోసిన నీళ్లు తిన్నగా అందులోకే వెళ్లొచ్చు. సైన్సు టీచర్ని! ఇప్పుడైతే ముక్కు పక్కన ఒక్కో చుక్క పెడతాను, మింగేదాకా ఆగుతాను. ఎత్తేటప్పుడు రొమ్ము నొక్కను. మనకున్నట్టు దానికి ఉదరవితానం, అంటే రొమ్ముకీ పొట్టకీ మధ్య ఊపిరాడించే కండర పొర లేదు, రొమ్ము కదిలితేనే ఊపిరి. గట్టిగా పట్టుకుంటే ముద్దు చేస్తూనే ఊపిరాపేస్తాం.

లడ్డూని స్టోర్ రూంలో, అడుగున గోనెసంచి పరిచి, గంప కింద పెట్టాను. కోడి ఒళ్లు 41 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంటుంది. జబ్బులో తిండి తగ్గి ఆ వేడి నిలవదు కాబట్టి రాత్రిపూట గంపకి ఒక పక్క బల్బు పెట్టాను. రెండో పక్క చల్లగా వదిలాను, ఎక్కడ కూర్చోవాలో అదే చూసుకుంటుంది. మే నెలలో మాత్రం ఈ పని చెయ్యకండి. మన ఎండలకు తడి గోనెపట్టా కావాలి, బల్బు కాదు. తినడానికి మెత్తగా నానబెట్టిన నూకలు, ఉడికించిన గుడ్డు. అవును, కోడికి కోడిగుడ్డే. నవ్వండి.

నీళ్లు తీసిన మర్నాడు గిన్నె చప్పుడుకి లేచి వచ్చింది. ఐదు వారాలు బాగుంది.

అన్నీ ఇలా ఒక్కొక్కటిగా వచ్చే జబ్బులు కావు. మెడ మెలిపడి, ఆకుపచ్చ రెట్ట వేస్తూ వరసగా పడిపోతుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. రాణీఖేత్ అంటారు. దానికి మందు లేదు, ముందుగా వేయించే టీకా ఒక్కటే. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాచి కూలబడే చిన్న పెట్టకు మారెక్స్ అనే జబ్బు అనుమానించాలి, దానికీ మందు లేదు. మూడు నాలుగు కోళ్లు ఒకేసారి చనిపోతే మాత్రం కోసి చూడొద్దు, మీ అంతట మీరు పారెయ్యొద్దు, పశువైద్యశాలకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుంది కదా. అప్పుడు ప్రేమ కంటే మాస్కు, చేతి తొడుగులు ముఖ్యం. విజయవాడ నుంచి వచ్చినవాళ్లకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గర.

లడ్డూ పొట్ట మళ్లీ నిండింది. రెండోసారి నీళ్లు తీస్తే నాలుగు రోజులే ఆగింది. ఊపిరికి ముక్కు తెరిచి రొప్పేది. అప్పుడు నేనొక లెక్క పెట్టుకున్నాను: మేత దగ్గరికి దానంతటది లేస్తోందా, ఎండలో ఒళ్లు విరుచుకుంటోందా, ముక్కుతో ఈకలు దువ్వుకుంటోందా. మూడూ లేని రోజులు వరసగా మూడొచ్చాయి. మావారు "ఇంకో రెండు రోజులు చూద్దాం" అన్నారు. మొదట్లో నవ్విన మనిషే ఆయన. చూద్దామన్నది నా కోసమా, దాని కోసమా అని ఆ రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే ఆటో పిలిచాను. డాక్టరమ్మ ముందు మత్తిచ్చింది, తర్వాత రెండో ఇంజెక్షన్. తల నా అరచేతిలో ఉంది.

కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి, కరివేపాకు చెట్టుకి అవతల, బోరుకి దూరంగా పాతిపెట్టాం. మనవరాలికి వీడియో కాల్‌లో నిజమే చెప్పాం. కోడికి ఇంజెక్షన్ ఇస్తే నొప్పేసిందా అని మాత్రం అడిగింది.

ఇంకా చెప్పాల్సింది ఉంది గానీ, ఎవరో బయట మెట్ల దగ్గర గంపలో జబ్బుపడ్డ కోడిని తెచ్చి కూర్చున్నారట. అమ్మా, దాన్ని లోపలికి తేకండి, ఇక్కడ సగం మందికి ఇళ్లలో కోళ్లున్నాయి. నేనే వస్తాను. ఎవరైనా కాస్త సబ్బు, చెంబుడు నీళ్లు అక్కడ పెట్టండి.