ఇంక్ ప్యాడ్ కొనేముందు ఏ కాగితం మీద అద్దుతారో చూసుకోండి

హోస్ట్: నమస్తే అండీ. చదివింపుల కవర్ల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత చాలామంది అడిగింది ఒకటే, స్టాంప్ బాగానే ఉంది కానీ ఇంక్ అంటుకుంటోంది, చెదిరిపోతోంది, ఆరట్లేదు, ఏ ప్యాడ్ కొనాలో చెప్పండి అని. అందుకే మన సిటీలో కార్డ్ మేకింగ్ క్లాసులు చెప్పే అక్కని మళ్లీ పట్టుకొచ్చాను. అక్కా, సూటిగా అడుగుతున్నా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం కొనాలి?

అక్క: ఏ రంగు కొనాలి అని అడగలేదు, సంతోషం. అందరూ రంగు దగ్గర మొదలుపెడతారమ్మా. రంగు ఆఖర్న చూసుకోవాలి. ముందు రెండు ప్రశ్నలు. ఏ కాగితం మీద అద్దుతున్నావు? అద్దాక దాని మీద ఇంకేమైనా చేస్తావా, అంటే రంగులు నింపుతావా, నీళ్లు తగులుతాయా, పౌడర్ చల్లి వేడి చేస్తావా? ఈ రెండూ తేలితే సగం ప్యాడ్‌లు జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

హోస్ట్: శుభలేఖే తీసుకుందాం, ఎక్కువమంది చేసేది అదే కదా.

అక్క: సరే. హైదరాబాద్‌లో పెళ్లికార్డుల షాపులుండే ఛత్తా బజార్‌కి వెళ్లి ఖాళీ కార్డులు తెచ్చుకుంటావు. అక్కడ కంటికి నచ్చేవన్నీ మెరిసేవే, మెటాలిక్ షీట్లు, పైన పూత ఉన్నవి. ఇంటికొచ్చి ఆఫీసు స్టాంప్ ప్యాడ్ మీద, అదే ఊదారంగుది, గణపతి బొమ్మ అద్ది కార్డు మీద వేస్తావు. మర్నాడు పొద్దున ముట్టుకున్నా వేలికి అంటుతుంది. ప్యాడ్ పాడైందేమో అని టెన్షన్ పడతావు. ప్యాడ్ బంగారంలా ఉంది. ఆ ఇంక్ తయారు చేసిందే అలా, మూత తీసి రోజంతా కౌంటర్ మీద పెట్టినా ఎండకూడదని అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. అది గాలికి ఆరదు, కాగితంలోకి ఇంకాలి. మామూలు తెల్ల కాగితం పీల్చేసుకుంటుంది, పూత ఉన్న కార్డు పీల్చదు. ఇంక ఎక్కడికి పోతుంది?

హోస్ట్: అంటే ఆఫీసు ప్యాడ్ క్రాఫ్ట్‌కి పనికిరాదా?

అక్క: ఎందుకు పనికిరాదు? గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ మీద, చేత్తో చేసిన కాగితం మీద ఆ ఊదారంగు పాతకాలం పోస్టు కవర్ లాగా ఎంత ముద్దుగా ఉంటుందో! పిల్లలకి కూడా అదే ఇవ్వండి. కాకపోతే ఎండలో పెడితే వెలిసిపోతుంది, నీళ్లు పడితే పాకుతుంది. గోడకి తగిలించేదానికి వద్దు.

హోస్ట్: డై ఇంక్, పిగ్మెంట్ ఇంక్ అంటారు కదా, అది కాస్త అరటిపండు ఒలిచినట్టు చెప్పు.

అక్క: డై ఇంక్‌లో రంగు పూర్తిగా కరిగి ఉంటుంది, కాగితంలోకి దిగిపోతుంది, తొందరగా ఆరుతుంది. పిగ్మెంట్‌లో రంగు సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది, చిక్కగా కాగితం పైనే కూర్చుంటుంది, ఆరడానికి టైమ్ పడుతుంది, కానీ వెలుతురికి తట్టుకుంటుంది. ముదురు రంగు కాగితం మీద తెలుపు, బంగారు రంగు కనపడాలంటే పిగ్మెంటే గతి, డై ఇంక్ అయితే నల్ల కాగితంలో కలిసిపోతుంది. షాపులో ప్యాడ్ మూత తీసి చూసినా చాలావరకు తెలిసిపోతుంది, డై ప్యాడ్ పైన గట్టి ఫెల్ట్ గుడ్డ ఉంటుంది, పిగ్మెంట్‌ది మెత్తటి ఫోమ్.

హోస్ట్: మరి రంగులు నింపేవాళ్లకి?

అక్క: ఇక్కడే అందరూ దెబ్బతినేది. నల్ల ఇంక్ అంటే నల్ల ఇంకే కదా అనుకుంటారు. కాదు. వాటర్‌కలర్ వేస్తే అవుట్‌లైన్‌కి నీళ్లకి చెదరని ఇంక్ కావాలి, వెర్సాఫైన్ గానీ రేంజర్ వాళ్ల ఆర్కైవల్ గానీ. ఆల్కహాల్ మార్కర్లు వాడేవాళ్లకి మెమెంటో బావుంటుంది, అది డై ఇంక్, మార్కర్ గీసినా కదలదు, కానీ దాని మీద తడి కుంచె పెట్టావో, గీత మొత్తం బూడిద రంగు మరక. డిస్ట్రెస్ ఇంక్ సంగతి ఇంకో రకం, అది నీళ్లు తగిలితే పాకడానికే తయారైంది. పాకుతోందని కంప్లైంట్ చేసినవాళ్లని చూశాను, పాపం.

హోస్ట్: ఏదో ఒక ప్యాడ్ ఇంట్లో పడి ఉంది, లేబుల్ పోయింది. ఎలా తెలుసుకోవాలి?

అక్క: నీ కార్డు ముక్క మీదే అద్ది, ఆరనిచ్చి, సగం మీద తడి కుంచె, సగం మీద మార్కర్ రాసి చూడు. యూట్యూబ్‌లో వాళ్లు వాడే కాగితం వేరు, నీది వేరు.

హోస్ట్: ఆ మెరిసే కార్డు దగ్గరికి మళ్లీ వస్తే?

అక్క: రెండు దారులు. ఒకటి స్టేజ్ఆన్ లాంటి సాల్వెంట్ ఇంక్, గాజు, ప్లాస్టిక్, రేకు మీద కూడా నిలబడుతుంది. వాసన ఉంటుంది, కిటికీ తీసి పెట్టుకోవాలి, స్టాంప్ కడగడానికి దాని క్లీనర్ విడిగా కావాలి. రెండోది నాకు ఇష్టమైనది, ఎంబాసింగ్, అంటే ముద్ర కాగితం మీద ఉబ్బెత్తుగా తేలేలా చేయడం. వెర్సామార్క్ అని రంగులేని జిగురు ఇంక్ ఉంటుంది. అది అద్ది, పైన బంగారు రంగు పౌడర్ చల్లి, దులిపి, హీట్ గన్ పెడితే... ఆగు, తెచ్చాను, ఇప్పుడే చేస్తా.

[హీట్ గన్ శబ్దం]

చూడు, మొదట ఇసుకలా గరుగ్గా ఉంది. ఇప్పుడు ఈ తొండం చివర రంగు మారుతోంది, కరిగి నున్నగా మెరుస్తోంది. ఇక్కడ ఆపేయాలి, ఇంకా వేడి పెడితే కార్డు వంగిపోతుంది, పౌడర్ కాగితంలోకి దిగి మెరుపు పోతుంది.

హోస్ట్: హెయిర్ డ్రయర్ సరిపోదా?

అక్క: సరిపోదు. వేడి తక్కువ, గాలి ఎక్కువ, పౌడర్ అంతా నీ మొహాన పడుతుంది. ఇంకో మాట, అద్దేముందు కాగితం మీద టాల్కం పౌడర్ మూట ఒకసారి తట్టాలి, సన్నటి గుడ్డలో కట్టుకుంటే చాలు. లేకపోతే బంగారు రేణువులు కార్డంతా అంటుకుంటాయి, మన వానాకాలంలో మరీ.

హోస్ట్: పెడన కలంకారీ చెక్క అచ్చులు కొని తెచ్చుకుని కాగితం మీద వేసేవాళ్లున్నారు. నేనూ ఉన్నాననుకో.

అక్క: ఆ అచ్చులు గుడ్డ కోసం చెక్కినవమ్మా. కింద మెత్తగా పరుచుకుని వేస్తారు. గట్టి టేబుల్ మీద కాగితం పెట్టి అద్దితే మధ్యలో తెల్లగా మిగులుతుంది. కింద దుప్పటి మడతో, ఫోమ్ షీటో వేసుకో. ఇంక్ అంటించడానికి కూడా అచ్చుని ప్యాడ్‌కి నొక్కకు, అచ్చుని వెల్లకిలా పెట్టి ఫోమ్ ప్యాడ్‌నే దాని మీద చిన్నగా తట్టు. రబ్బర్ స్టాంప్‌కైనా అంతే. గట్టిగా నొక్కితే ఇంక్ గాడుల్లోకి పోతుంది, పువ్వు రేకులు కలిసిపోయి ముద్దవుతుంది.

హోస్ట్: ఇక కాపాడుకోవడం. మన ఎండలకి...

అక్క: మే నెలలో పార్క్ చేసిన కారులో ప్యాడ్ వదలకండి, అంతకంటే నేనేం చెప్పను. మూత టక్కుమని పడిందో లేదో చూడాలి. స్టేజ్ఆన్‌కి లోపల ఇంకో చిన్న మూత ఉంటుంది, దాన్ని పారేసేవాళ్లున్నారు, పారేస్తే ఎండిపోక ఏం చేస్తుంది? డై ఇంక్ ఫెల్ట్ ప్యాడ్‌లు బోర్లా పెట్టండి, ఇంక్ పైపొరకి చేరుతుంది. ఫోమ్ వాటికి ఆ అవసరం లేదు.

హోస్ట్: ఎండిపోయిన దాంట్లో నీళ్లు పోస్తారు చాలామంది.

అక్క: ఆఫీసుల్లో అటెండర్ల దగ్గర్నుంచి అందరూ అదే పని! రంగు పలచబడుతుంది, ఆ నీళ్లు మళ్లీ ఆవిరైపోతాయి. ఆ ప్యాడ్‌కి అదే కంపెనీ రీఇంకర్ సీసా, అంటే ప్యాడ్‌లో మళ్లీ నింపే ఇంక్, కొనాలి. చుక్కలు చుక్కలుగా ప్యాడంతా వేసి, చెంచా వెనకవైపుతో మెల్లగా అదిమి, కాసేపు వదిలేసి, పైన తేలిన తడిని టిష్యూతో అద్దేయాలి. ఒకేచోట పోస్తే మొదటి ముద్రే చెరువు.

హోస్ట్: పసుపు ప్యాడ్ మీద నల్ల మచ్చలు?

అక్క: కడగని స్టాంప్. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. మామూలు ఇంక్‌లకి తడి గుడ్డ చాలు. చెక్కకి అంటించిన రబ్బర్ స్టాంప్‌ని నీళ్లలో నానబెట్టకు, జిగురు ఊడి వస్తుంది. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంప్‌లకి నెయిల్ పాలిష్ రిమూవర్ తగలనివ్వకు, సబ్బు నీళ్లు చాలు, పట్టుకునే అక్రిలిక్ దిమ్మెకి అంటుకునే గుణం కూడా తిరిగొస్తుంది. రంగు మరక మిగిలితే మిగలనీ, ముద్రకేమీ కాదు.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. ఒకావిడ టిఫిన్ డబ్బాల చిన్న వ్యాపారం చేస్తారు, ప్యాడ్ అక్కర్లేని స్టాంప్, కోఠీలో ఫ్లాష్ స్టాంప్ అని చేసిస్తారు కదా, అది వెలిసిపోతోందట. ప్యాడ్ ఇంక్ పోయొచ్చా అని అడుగుతున్నారు.

అక్క: అయ్యో, పోయొద్దని చెప్పు. దాంట్లోది నూనె ఇంక్, ప్యాడ్‌లది ఎక్కువగా నీళ్లది, పోస్తే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. ఫ్లాష్ ఇంక్ అని అడిగితే చేసిచ్చిన షాపులోనే దొరుకుతుంది. కొన్ని చుక్కలు వేసి రాత్రంతా వదిలేయమను. మెరిసే డబ్బా మూత మీద మాత్రం అది కూడా ఆరదు, కాగితం స్టిక్కర్ మీద వేసి అంటించుకోమను.