మాట్లాడుకుంటూ పరుగెత్తండి

శ్రోతలకు నమస్కారం.

పరుగు గురించి చెప్పడానికి నాకున్న సమయం తక్కువ. అందుకని బీపీ, షుగరు, బరువు, నిద్ర అంటూ లాభాల జాబితా చదవను. అవన్నీ మీ డాక్టరుగారు చెప్పే ఉంటారు. నేను చెప్పేది ఒక్క మాట. నెమ్మదిగా పరుగెత్తండి. ఎంత నెమ్మదిగా అంటే, పక్కన పరుగెత్తే మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. అప్పుడే పరుగు మీద ఇష్టం పుడుతుంది. ఈ మాట ఇవాళ మళ్ళీ మళ్ళీ అంటాను.

మనలో చాలామందికి పరుగు ఎలా పరిచయమైంది? బడికి ఆలస్యంగా వస్తే డ్రిల్లు మాస్టారు గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టమనేవారు. ఆగస్టు పదిహేనుకో, జనవరి ఇరవై ఆరుకో వంద మీటర్ల పందెం పెట్టేవారు. ఈల మోగగానే ఊపిరి బిగబట్టి పరుగెత్తడం, గీత దాటాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పడం. ముందొచ్చిన ముగ్గురికీ స్టీలు గ్లాసులు, మిగతావాళ్ళది చప్పట్లు కొట్టే పని. పెద్దయ్యాక పోలీసు ఉద్యోగాల పరుగు ఒకటి ఉంది, 1600 మీటర్లు. ఇంకా చీకటి ఉండగానే కాలేజీ గ్రౌండుల్లో దానికోసం సాధన చేసే కుర్రాళ్ళని చూస్తే నాకు ఎంతో గౌరవం. వాళ్ళకది బతుకుతెరువు. కొన్ని సెకన్లు ఎక్కువైతే మళ్ళీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులే. కానీ ఉద్యోగం వచ్చాక, లేదా వయసు దాటిపోయాక, వాళ్ళలో ఎంతమంది మళ్ళీ ఆ గ్రౌండులో కనబడతారు?

అయితే శిక్ష, లేకపోతే పరీక్ష. పరుగంటే మనకి ఇంతవరకే తెలుసు. టైము చూసేవాళ్ళు లేని పరుగు, పందెం లేని పరుగు ఒకటుందని మనకెవరూ చెప్పలేదు.

ఆ పరుగు మామూలు మనుషుల దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన కథ, తీరిగ్గా చెబుతాను.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన ఉండేవాడు. బూట్ల ఫ్యాక్టరీలో పని. రగ్బీ ఆడేవాడు, తన ఒంటికి తిరుగులేదనే నమ్మకంతో ఉండేవాడు. ఒకరోజు తనకన్నా పెద్దవాడైన స్నేహితుడితో ఐదు మైళ్ళు పరుగెత్తాడు. ప్రాణం కడగట్టింది. ఈ వయసులోనే ఇలా ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళకి నా గతేమిటి అన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఏళ్ళ తరబడి తన ఒంటి మీదే ప్రయోగాలు చేశాడు. ఎంత దూరం, ఎంత వేగం, ఎన్నాళ్ళు అని. తరవాత తన పేట కుర్రాళ్ళకు నేర్పాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు ఇద్దరు, పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో, ఒకే రోజున బంగారు పతకాలు గెలిచారు.

నాకు మాత్రం ఆ పతకాలకన్నా ఆ తరవాత జరిగిందే ముఖ్యం. లిడియార్డ్ దగ్గరికి నడివయసు వ్యాపారులు రావడం మొదలుపెట్టారు. పొట్టలు పెరిగినవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు. గుండెపోటు వచ్చిన మనిషిని మంచం దిగవద్దనే రోజులవి. ఆయన వాళ్ళనీ పరుగెత్తమన్నాడు. కానీ ఆయాసపడకూడదు, పక్కవాడితో మాట్లాడుకోగలిగే వేగం దాటకూడదు. అలా 1962లో ఆక్లండ్ జాగర్స్ క్లబ్ పుట్టింది.

ఆ ఏడాది చివర్లోనే అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బవర్‌మన్ తన జట్టుతో న్యూజిలాండ్ వచ్చాడు. తరవాత నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన బవర్‌మన్ ఈయనే. అప్పటికే పేరున్న కోచ్, యాభై దాటాయి. లిడియార్డ్ ఒకరోజు ఆయన్ని తన క్లబ్బు వాళ్ళతో పరుగుకి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, అన్ని వయసులవాళ్ళూ అక్కడ కబుర్లు చెప్పుకుంటూ ఉన్నారు. అందరూ కదిలారు. ఎదురుగా గుట్ట. అర మైలు దాటేసరికి బవర్‌మన్‌కి ఊపిరి అందలేదు. జీవితమంతా పరుగెత్తేవాళ్ళ మధ్యే గడిపిన మనిషి, స్టాప్‌వాచీ పట్టుకుని గట్టున నిలబడి ఎందరినో విజేతలుగా దిద్దిన మనిషి, గుట్ట ఎక్కలేక వెనకబడిపోయాడు.

అప్పుడొక పెద్దాయన వేగం తగ్గించి ఆయన పక్కకి వచ్చాడు. పేరు ఆండ్రూ స్టెడ్‌మన్. డెబ్బై దాటిన మనిషి, అంతకుముందు మూడుసార్లు గుండెపోటు వచ్చింది. ఆ పెద్దాయన బవర్‌మన్‌కి తోడుగా పరుగెత్తుతూ, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. బవర్‌మన్ జవాబు చెప్పలేకపోతున్నాడు, ఊపిరి ఉంటే కదా! చివరికి దగ్గరదారి చూపించి ఆయన్ని వెనక్కి తీసుకొచ్చింది ఆ పెద్దాయనే.

ఈ ఘట్టం తలచుకున్నప్పుడల్లా నా మనసు నిండిపోతుంది. ముందుకి దూసుకుపోయే సత్తా ఉన్న మనిషి, తన పరుగు తగ్గించి, కొత్తవాడి పక్కన మాట్లాడుతూ రావడం. నా దృష్టిలో మామూలు మనుషుల పరుగంటే ఇదే.

బవర్‌మన్ ఆరు వారాలు అక్కడే ఉండి రోజూ పరుగెత్తాడు. 1963 మొదట్లో తన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు యూజీన్‌కి తిరిగివెళ్ళి, ఊళ్ళోవాళ్ళని విశ్వవిద్యాలయం మైదానానికి రమ్మన్నాడు. మొదట కొద్దిమందే వచ్చారు. వారాలు గడిచేసరికి వేలల్లో వచ్చిపడ్డారు. ఎవరి గుండెకి ఏమవుతుందోనని ఆయనకే భయమేసింది. అందరినీ ఇంటికి పంపించి, హారిస్ అనే గుండె వైద్యుడిని కలుపుకుని, జాగ్రత్తగా, చిన్న చిన్న గుంపులతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి రాసిన చిన్న పుస్తకం పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. అమెరికాలో వీధుల్లో జనం జాగింగ్ చెయ్యడం అలా ఊపందుకుంది. ఆక్లండ్‌లోనూ యూజీన్‌లోనూ కొత్తవాళ్ళకి చెప్పిన సూత్రం ఒక్కటే. మాట్లాడగలిగేంత నెమ్మదిగా.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నేను పరుగెత్తేది విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారి కొంతసేపు వాహనాలు రాకుండా ఆపేస్తారు. ఏ ఊరికైనా ఇంతకన్నా మంచి కానుక ఉంటుందని నేననుకోను. ప్రతి పట్నంలో ఒక్క రోడ్డయినా పొద్దున్నే మనుషులకి వదిలిపెట్టాలని గట్టిగా కోరుకుంటాను. నాతో మా పక్కింటి అమ్మాయి వస్తుంది. నాకన్నా చాలా చిన్నది, నాకన్నా చాలా వేగంగా పరుగెత్తగలదు. నేను కాసేపు మాట్లాడకపోతే చాలు, "ఏటక్కా, మాటాడవేటి?" అంటుంది. అంటూనే తను వేగం తగ్గిస్తుంది. ఆ అమ్మాయికి లిడియార్డ్ తెలియదు, బవర్‌మన్ తెలియదు. వాళ్ళు చెప్పిందే చేస్తోంది. పిల్లల చదువులు, కూరగాయల ధరలు, అత్తగారి కంటి ఆపరేషను, అన్నీ ఆ రోడ్డు మీదే మాట్లాడుకుంటాం. పరుగు మీద ప్రేమ నాకు అక్కడే కలిగింది. పొద్దున్నే లేవాలని ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు ఇప్పుడు, కాళ్ళే బయటికి లాగుతాయి.

మరి ఎలా మొదలుపెట్టాలి? కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకోండి. ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా నెమ్మదిగా పరుగు, అక్కణ్ణుంచి మూడో స్తంభం దాకా నడక. మళ్ళీ పరుగు, మళ్ళీ నడక. కొన్ని వారాలకి ఊపిరి చక్కగా కుదురుకుంటుంది. జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే. గుండె, ఊపిరితిత్తులు తొందరగా అలవాటుపడతాయి. కండని ఎముకకి కట్టి ఉంచే పట్టీలకి, ఎముకలకి నెలలు పడుతుంది. కాడికి ఒకవైపు కోడెగిత్తని, రెండోవైపు ముసలి ఎద్దుని కట్టినట్టు ఉంటుంది ఒళ్ళు. బండి ముసలి ఎద్దు నడకతోనే పోవాలి. కొత్తలో మోకాళ్ళు పాడుచేసుకునేది ఎక్కువగా ఈ తొందరవల్లే. రోజు విడిచి రోజు పరుగెత్తితే మొదట్లో చాలు.

వేసవిలో అయితే సూర్యుడు రాకముందే ముగించండి. మన తీరప్రాంతంలో ఉక్కపోత ఎక్కువ, చెమట ఆరదు, కాబట్టి మామూలుకన్నా ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. వీధికుక్క వెంటపడితే పరుగెత్తకండి, ఆగి నెమ్మదిగా నడవండి. ఛాతీలో నొప్పి, గుండెదడ ఉన్నవాళ్ళు, బీపీకి మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. ఇది మాత్రం మరిచిపోవద్దు. ఇక ఆడవాళ్ళకి ఒక మాట. చుట్టుపక్కలవాళ్ళు చూస్తారని సంకోచం ఉంటుంది, నాకు తెలుసు. ఇద్దరు కలిసి వెళ్ళండి. ఇద్దరుంటే దారి మీ సొంతమైపోతుంది.

తోడుకి చెల్లెల్ని పిలవండి, తోడికోడల్ని పిలవండి, ఎదురింటివాళ్ళని పిలవండి. ఎవరూ దొరకలేదా? బడిలో కంఠతా పట్టిన శతక పద్యం ఒకటి పైకి చదువుకుంటూ పరుగెత్తండి. మూడు పాదాలు చదివి, మకుటం కూడా తడబడకుండా పలకగలిగితే మీ వేగం సరిగ్గా ఉన్నట్టే. మకుటం దగ్గర ఊపిరి తెగిందా, వచ్చే స్తంభం దాకా నడవండి. నడుస్తూ పద్యం పూర్తిచేసి, మళ్ళీ పరుగందుకోండి.

సెలవు, నమస్కారం.