పేరు కొట్టించిన గుండిగ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం సాయంత్రం ఇంటి పనులు పక్కన పెట్టి నల్లకుంట దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు నా ఉద్యోగం గురించి చాలా చెప్పారు. వాటిలో ఈ సాయంత్రానికి పనికివచ్చేది ఒక్కటే. నేను 31 సంవత్సరాలు రసాయన శాస్త్రం బోధించాను గనుక, ఒక పాత్రను చేతిలోకి తీసుకుంటే అది ఏ లోహంతో చేసినదో, అందులో ఏమి వండవచ్చో, ఏమి వండకూడదో చెప్పగలను. ధరలు మండిపోతున్న ఈ రోజుల్లో పాత ఇంటి సామాను చౌకగా ఎలా కొనుక్కోవాలన్నది నిర్వాహకులు నాకిచ్చిన అంశం. దాని గురించి తప్పకుండా చెబుతాను. అయితే ఫోనులో అడిగిన వెంటనే నేను ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. ఈ బల్ల మీద గుడ్డ కప్పి ఉంచిన పాత్ర ఆ కారణానికి సంబంధించినది.

ముందు ధరల సంగతి. పదిహేనేళ్ళ క్రితం పురానాపూల్ దగ్గర గురువారం నాడు జరిగే పాత సామాను అంగడి జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇత్తడిని నేను కిలో 250 రూపాయలకు తెచ్చుకున్నాను. పోయిన చలికాలంలో అదే వరుసలో, అదే రకం బిందెకు కిలో 650 రూపాయలు చెప్పారు. దీన్ని వ్యాపారి దురాశ అనుకోవడం న్యాయం కాదు. ఇత్తడిలో దాదాపు మూడింట రెండు వంతులు రాగి, మిగిలినది జింకు. ప్రపంచ విపణిలో 2002 ప్రాంతంలో టన్ను 1,500 డాలర్ల దగ్గర ఉన్న రాగి 2024 మే నెలలో 10,000 డాలర్లు దాటింది. కరెంటు తీగలకు, మోటార్లకు, విద్యుత్ వాహనాలకు రాగి కావాలి. ఎక్కడో పెరిగిన ఆ గిరాకీ పురానాపూల్ దగ్గర గోనెపట్టా మీద బోర్లించిన బిందె దాకా వస్తుంది. ఎందుకంటే ఆ బిందె అమ్ముడుపోకపోతే కొలిమికి పంపినా ఎంత వస్తుందో వ్యాపారికి తెలుసు. తుక్కు ధర కంటే తక్కువకు ఇమ్మని అతన్ని అడగడంలో అర్థం లేదు.

రెండో కారణం అలంకరణ. ఒకప్పుడు పెరట్లో పశువులకు కుడితి పెట్టిన గంగాళాలు ఇప్పుడు హోటళ్ళ గుమ్మాల్లో, పెద్ద అపార్టుమెంట్ల వాకిళ్ళలో నీళ్ళు నింపుకొని పూలరేకులు తేలేసుకొని కూర్చుంటున్నాయి. కాబట్టి నోరు వెడల్పుగా ఉన్న పాత్రల ధర అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది. దీపపు సెమ్మెలు, మరచెంబులు, పాన్‌దాన్‌లు కూడా అంతే. చౌక బేరం దొరకాలంటే అలంకరణకు పనికిరాని, వాడకానికి మాత్రమే పనికివచ్చే వస్తువుల వైపు చూడండి. నా అనుభవమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. మూత పోయిన పింగాణీ జాడీని అలంకరణకు ఎవరూ కొనరు. మామిడి తొక్కు పెట్టుకోవడానికి దాని మీద తెల్లగుడ్డ కడితే సరిపోతుంది. తుప్పు పట్టిన పోత ఇనుప పెనం చూడగానే మొహం తిప్పుకుంటారు. దాన్ని ఇసుకతో తోమి, నూనె రాసి, సన్నని సెగ మీద నాలుగైదు సార్లు కాలిస్తే దోసె అంటుకోకుండా లేస్తుంది. ఇత్తడి జంతికల గొట్టం, నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్, కొబ్బరి కోరు పీట, ఇవన్నీ కూడా అలాంటివే.

కొలపాత్రలను కూడా పట్టించుకోండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం అన్న లెక్క మా అమ్మకు ఊపిరి తీసుకున్నంత సహజంగా వచ్చేది. 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక ఇవి అంగళ్ళలోంచి వెళ్ళిపోయాయి గానీ వంటింట్లో చాలాకాలం మిగిలాయి. ఎర్రగడ్డలో ఆదివారం నాడు ఇనుప పట్టీలు వేసిన ఒక మానికను నేను 120 రూపాయలకు తెచ్చుకున్నాను. ఈనాటికీ మా ఇంట్లో బియ్యం దానితోనే కొలుస్తాను. అదే ఎర్రగడ్డ అంగడిలో పాత ఆల్విన్ సామాను కనిపిస్తుంది. 1942లో మన హైదరాబాదులో మొదలై, ఆ పక్కనే సనత్‌నగర్‌లో నడిచిన కంపెనీ అది. అది చేసిన సరుకు మళ్ళీ ఆ పరిసరాలకే చేరడం చూస్తే నాకు సంతోషం కలుగుతుంది.

ఇక ఎలా చూసి కొనాలో చెబుతాను. సంచిలో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడికి, రాగికి, కంచుకు అది అంటుకోదు. అంటుకుంటే పైన ఇత్తడి పూత, లోపల ఇనుము అని తెలుసుకోండి. కంచు గిన్నెను మూడు వేళ్ళ కొసల మీద నిలిపి గోటితో కొట్టండి. దానిలో తగరం ఎక్కువ గనుక చాలాసేపు మోగుతుంది. ధ్వని వెంటనే ఆగిపోతే కంటికి కనబడని పగులు ఉందన్నమాట, ఆ గిన్నెను వదిలేయండి. బిందెను ఆకాశం వైపు ఎత్తి లోపలికి చూస్తే సన్నని చిల్లులు చుక్కల్లా కనిపిస్తాయి. చిల్లులకు లోహం కరిగించి మాట్లు వేసిన పాత్రలో వంట చేయకండి, ఎందుకంటే పాత మాటు లోహంలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అలాంటిది ధాన్యం పోసుకోవడానికి వాడుకోండి. పాత ఫ్యాను, పాత ఇస్త్రీ పెట్టె కొంటే లోపలి తీగలు మార్పించనిదే ప్లగ్గు పెట్టకండి. నూరేళ్ళు దాటిన కళాఖండమని ఎవరైనా చూపిస్తే మాత్రం జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. మనం వెతికేది మన అమ్మమ్మల వంట సామాను, అంతే.

కళాయి, అంటే పాత్ర లోపలి తగరపు పూత గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పెడితే అందులోని ఆమ్లం రాగిని కరిగిస్తుంది, పులుసు కిలుమెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. మా చిన్నతనంలో కళాయి వేసే అతను వీధి మలుపులో గుంట తవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, కాలిన పాత్రలో నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్ చల్లి దూదితో తుడిచేవాడు. తెల్లని పొగ లేచేది. అది పాత్ర లోపలి మురికి పొరను విడదీస్తుంది. అప్పుడు తగరపు కడ్డీని ఒక్కసారి తాకిస్తే చాలు. 232 డిగ్రీలకే కరిగే తగరం దూది వెంట పరుగెత్తి, పసుపు పచ్చని పాత్ర కళ్ళ ముందే వెండిలా మారిపోయేది. నేను రసాయన శాస్త్రం చదవాలనుకున్నది ఆ గుంట పక్కన నిలబడినప్పుడే. తరగతి గదిలో ఏ ప్రయోగమూ నాకు అంత ఆశ్చర్యం కలిగించలేదు.

ఆ రోజు కళాయి వేసిన పాత్ర మా అమ్మ గుండిగ, అంటే పెద్ద ఇత్తడి పాత్ర. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

మా అమ్మది జనగామ దగ్గర ఒక పల్లె. కంచరి పనికి పేరుపడిన పెంబర్తి అక్కడికి దగ్గరే. 1952లో ఆమె పెళ్ళికి ఆమె మేనమామ ఒక ఇత్తడి గుండిగ పెట్టాడు. దాని మెడ కింద సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు, మేనమామ పేరు, పెళ్ళి తేదీ కొట్టించాడు. అమ్మకు చదువు రాదు. ఆ అక్షరాలను వేలితో తడుముతూ ఇది నా పేరు, ఇది మామ పేరు అని మాకు చూపించేది. అక్షరాలు నేర్చుకున్నాక నేను మొదట చదివింది ఆ గుండిగ మీది పేరునే. మేము నగరానికి వచ్చి విద్యానగర్‌లో కాపురం పెట్టినప్పుడు ఆ గుండిగ కూడా బస్సు మీద ఎక్కి వచ్చింది.

1986లో, నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఏడాది, అమ్మ ఊరికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, పాత ఇత్తడికి కొత్త స్టీలు సామాను ఇస్తామని ఒకతను వీధిలో కేకవేస్తూ వచ్చాడు. అప్పట్లో మా ఇంట్లో గ్యాసు పొయ్యి, గీజరు కొత్త. గుండిగ స్నానాల గది మూలన మసి పట్టి పడి ఉంది. దాన్ని నేనే తీసి ఇచ్చాను. ఆరు స్టీలు పళ్ళేలు, ఒక డబ్బా వచ్చాయి. అమ్మ తిరిగి వచ్చి మూలన చూసింది. కోప్పడలేదు. ఒకే ఒక్క మాట అడిగింది: "దాని మీద మామ పేరుండె గదా బిడ్డా?" ఆ తరువాత ఆమె బతికిన పంతొమ్మిదేళ్ళలో గుండిగ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ పళ్ళేల్లో ఆమె ఎన్నడూ తినలేదు.

సభలో చాలామంది తలలు ఊపుతున్నారు. దయచేసి ఒక్కసారి చేతులెత్తండి. మీ ఇళ్ళలోంచి ఇలా స్టీలు కోసం, ప్లాస్టిక్ కోసం పేరున్న పాత్ర వెళ్ళిపోయినవారు ఎంతమంది? చూడండి, దాదాపు సగం సభ. జరీ చీరలు ఇచ్చినవారు కూడా ఉంటారు, అది ఇంకోరోజు మాట్లాడుకుందాం.

ఉద్యోగ విరమణ చేసిన మరుసటి వారం నుంచి నేను గురువారాలు జుమ్మేరాత్ బజార్‌కు వెళుతున్నాను. చౌక కోసమే వెళుతున్నానని ఇంట్లో చెప్పేదాన్ని. నిజానికి ప్రతి గుండిగనూ తిప్పి మెడ కింద చూస్తాను. అమ్మది దొరకలేదు. ఎన్నడో కరిగిపోయి ఉంటుందని నాకు తెలుసు. లోహాల సంగతి చదువుకున్నదాన్ని, ఆశ పెట్టుకోవడానికి వీలులేదు. అయినా చూస్తాను. దొరికినవి మాత్రం వేరేవారి పేర్లు. ఫలానా చెల్లెలికి అన్న ఇచ్చినది, ఫలానా కోడలికి అత్త ఇచ్చినది, ఉద్యోగ విరమణ నాడు తోటి ఉపాధ్యాయులు బహూకరించినది. ఉర్దూలో పేరున్న రాగి బధ్నాలు, అంటే కొమ్ముచెంబులు కూడా దొరికాయి. అలాంటివి 17 కొన్నాను. వాటిని గాజు బీరువాలో పెట్టలేదు. నీళ్ళు పట్టుకుంటాను, పప్పు వండుతాను.

మూడేళ్ళ క్రితం ఒక దుకాణం వెనుక, తిరిగే రాతికి చెంబును ఆనించి పేరు అరగదీస్తున్న కుర్రవాణ్ణి చూశాను. ఎందుకు తీసేస్తున్నావని యజమానిని అడిగితే, "మేడం, పేరుంటే దొంగ సామాను అనుకుంటరు, లేకుంటే పక్కోళ్ళ పేరు మా ఇంట్ల ఎందుకంటరు, పేరు తీసేస్తే కిలోకు వంద ఎక్కువొస్తది" అన్నాడు. అతని తప్పు లేదు, కొనేవాళ్ళం మనమే కదా. నేను మీకు చేసే విన్నపం ఇదే. పేరున్న పాత్రనే అడగండి. పేరు ఉండగానే కావాలని చెప్పండి, ఆ వందా కలిపి ఇవ్వండి. గిరాకీ అటు తిరిగితే అరగదీత ఆగుతుంది. బేరం ఆడండి, ఆడవద్దని అనను. బోణీ వేళ పొద్దున్నే వెళితే, నాలుగైదు వస్తువులు కలిపి అడిగితే, తూకం మీద పది శాతం దాకా నాకు తగ్గించారు. కానీ ఎండలో గోనెపట్టా మీద కూర్చున్న మనిషి దగ్గర చివరి ఇరవై రూపాయల కోసం పట్టుపట్టకండి. ఆ మనిషి ఆ పాత్రను కొలిమికి పంపకుండా మన కోసం వారం రోజులు ఆపాడు.

సాలార్ జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న తెరుచుకుంది. ఒక ప్రభువు ఇంటి సామాను ప్రజలందరిదీ అయింది, సంతోషం. మన తల్లుల సామానుకు మాత్రం మన వంటిళ్ళే చోటు. అటక మీద ఉన్నది కిందికి దించండి. చింతపండు, ముగ్గుపిండి పెట్టి చేత్తోనే తోమండి, పాలిష్ యంత్రానికి ఇవ్వకండి. అమ్మక తప్పని పరిస్థితి వస్తే, ఇచ్చే ముందు ఇంట్లో అందరినీ ఒకసారి అడగండి. నేను అడగలేదు.

ఇప్పుడు ఈ గుడ్డ తీస్తున్నాను. ఇది పెద్ద కంచు గిన్నె, రెండు కిలోల మూడు వందల గ్రాములు. పోయిన నెల తూకం ధరకే వచ్చింది. అంచు మీద ఒక ఆడపడుచు పేరు, ఇంటిపేరు, 1961 అన్న అంకె స్పష్టంగా ఉన్నాయి. ఊరి పేరులో మొదటి రెండు అక్షరాలు అరిగిపోయాయి, చివర "పల్లి" అని మాత్రం చదవగలుగుతున్నాను. ఆ పేరును మైకులో చదవడం బాగుండదు, అది వారింటి సంగతి. సభ ముగిశాక ఒక్కొక్కరూ వచ్చి మీరే చదవండి, కళ్ళజోడు లేనివారికి భూతద్దం తెచ్చాను. ఇంటిపేరు తెలిసినదైతే, ఆమె ఎవరికైనా అమ్మో, అమ్మమ్మో, మేనత్తో అయితే, నాతో చెప్పండి. గిన్నెకు డబ్బు అక్కర్లేదు. తీసుకువెళ్ళడానికి సంచి కూడా నా దగ్గరే ఉంది.