వానకాలంల స్ప్రే వద్దు తమ్మీ! బ్రష్ ప్రైమర్ రివ్యూ

నమస్తే నమస్తే, అందరు మంచిగున్నరా. ఇయ్యాల బ్రష్ ప్రైమర్ ముచ్చట, అంటే చిన్న ప్లాస్టిక్ బొమ్మలకు రంగేసే ముందు బ్రష్‌తోని పూసే అడుగు పూత. ముందే చెప్తున్న, ఈ సీసా నాకు ఫ్రీగ పంపిండ్రు, పైసలైతే ఇయ్యలే. ఎన్ని ఎమ్మెల్, రేటెంత, గవన్నీ నేను చదవ.

నా కత స్ప్రే కాడ మొదలైంది. పోయిన వానకాలంల హన్మకొండల మా డాబా మీద, వాన జర తెరిపిచ్చింది గదా అని బొమ్మలకు నల్ల ప్రైమర్ స్ప్రే కొట్టిన. గాలిల తేమ ఉంటే అది నున్నగ పట్టదు, ఇసుక కాయితం లెక్క పొడిపొడి అయితది. 12 మంది ప్లాస్టిక్ ఓర్కులు, అంటే కతలల్ల ఉండే పచ్చ రాక్షసుల బొమ్మలు, అందరి మొఖాలకు అమ్మవారు పోసినట్టే! ఆ రంగు ఊడనీకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ల నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తోని రెండు దినాలు రాక్కుంట కూసున్న.

గందుకే ఈ బ్రష్ ప్రైమర్ చేతికి రాంగనే పానం లేచొచ్చింది. గ్రే కలర్, పాలియురేతేన్ రకం, నీళ్లతోని బ్రష్ కడుక్కోవచ్చు, వాసన పెద్దగ లేదు, ఇంట్ల టీవీ ముందట కూసోనే పూసిన. మొదటి కోటు మచ్చలు మచ్చలుగ కనవడ్తది, పరేషాన్ కావొద్దు, సగం ఆరినంక మల్ల బ్రష్ పెట్టొద్దు, అది ఆరుకుంట తనకు తానే సాపయితది. ఒక రోజంత ఇడిసిపెట్టాలె. నేను ఆగుతనా, మూడు గంటలకే గోరుతోని గీకిన, పొర లెక్క ఊడొచ్చింది. తెల్లారి గీకితే కదల్లే.

మన చేర్యాల నకాషోళ్లను చూడుండ్రి, బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పేస్టు, బంక నీళ్లు కలిపి 3 పూతలు పూసి, అది ఆరినంకనే బొమ్మ గీస్తరు. గదీ ప్రైమింగే గదా, మనకే ఓపిక లేదు.

ప్రైమర్ మీద ఏసే మొదటి రంగు, బేస్ కలర్ కాడికొస్తే, గ్రే మీద ఓర్కు పచ్చ రెండు పల్చటి కోట్లకే నిండింది, పసుపు మాత్రం 4 కోట్లేసినా మబ్బుగనే ఉంది, పసుపు, ఎరుపు ఎక్కువ వాడేటోళ్లు తెల్ల ప్రైమర్ తీసుకోండ్రి.

ఇగ ఆ మూతి! సీసా మూతి!! రెండు దినాలకోసారి గడ్డ కట్టుడే, గట్టిగ ఒత్తితే ముక్కు ఊడి ప్రైమరంత నా లుంగీ మీద, అది పోతదా, పోదు. ఆ గడ్డ పొడవనీకి మా అమ్మను పిన్నీసు అడిగితే రంగులకు నా పిన్నీసులెందుకురా అని ఒకటే తిట్లు. గింత మంచి సరుకు చేసి మూతి కాడ పిసినారితనమేందన్నా?

అయినా కొంటనా అంటే కొంట, వానలు పోయేదాంక ఇదే. ఎండకాలం మాత్రం డాబా మీద మల్ల స్ప్రేనే. సరే, కడిగిన ఓర్కులల్ల ఇంక 8 మంది బోడిగనే ఉన్నరు, పోయి పూసుకుంట.